సైకిల్ పెడల్ అరిగితే ఇంట్లోనే ఏం చేయొచ్చు: తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, హన్మకొండ, కాజీపేట మూడూ తిరిగి చూసినా చెట్టు కింద పెట్టె పెట్టుకుని సైకిళ్ళు బాగుచేసేవాళ్ళు బాగా తగ్గిపోయారు. ఉన్నవాళ్ళు పంక్చరు వేస్తారు, గాలి కొడతారు, బ్రేకు సరిచేస్తారు, పెడల్ దగ్గరికి వచ్చేసరికి "కొత్తది ఏసుకో అన్నా" అంటారు. వాళ్ళనేం అనలేం, గంటసేపు కూర్చుని బేరింగ్ గోళీలు (పెడల్ లోపలి చిన్న స్టీల్ గుండ్లు) ఏరితే వాళ్ళకు గిట్టుబాటు కాదు. ఆదివారం పూట మనకు ఆ గంట దొరుకుతుంది. పోయిందని పారేసే స్టీల్ పెడళ్ళలో చాలావాటికి కాస్త గ్రీజు, గుప్పెడు గోళీలు ఉంటే చాలు. అయితే పెడల్ కంటే ముందు కాపాడుకోవాల్సింది అది ఎక్కే క్రాంక్ (పెడల్‌ను పట్టి ఉంచే చెయ్యి లాంటి కడ్డీ) మరలను, ఎందుకంటే అవి పోతే ఖర్చు పెడల్‌తో ఆగదు. కింద చాలా జవాబులు తిరిగి తిరిగి అక్కడికే వస్తాయి.

తొక్కుతుంటే టక్ టక్‌మంటోంది. అది పెడల్ నుంచే అని ఎలా తెలుస్తుంది?

ముందు సైకిల్ ఆపి పెడల్‌ను చేత్తో పట్టుకుని క్రాంక్ వైపుకీ బయటికీ ఊపి చూడండి. కదులుతూ చిన్న చప్పుడు వస్తే లోపల కోన్ (గోళీలను వాటి చోట నొక్కి పట్టే మర ముక్క) లూజైంది. తర్వాత వేళ్ళతో మెల్లగా తిప్పండి, ఇసుక నలిగినట్టు గరగరమంటే గ్రీజు ఎండిపోయింది, లేదా గోళీలు దెబ్బతిన్నాయి. రెండూ లేకపోతే ఖాళీ రోడ్డు మీద ఒక కాలితోనే నాలుగు చుట్లు తొక్కి, తర్వాత రెండో కాలితో తొక్కి చూడండి. ఒక కాలితో తొక్కినప్పుడే చప్పుడు వస్తే ఆ వైపు పెడల్ అయినా, క్రాంక్ అయినా అయి ఉంటుంది. సీటు మీంచి లేచి తొక్కితే చప్పుడు పోయిందంటే పెడల్‌ను వదిలేసి సీటు నట్లు చూసుకోండి.

పాత నల్ల సైకిళ్ళలో ఇంకో దొంగ ఉంటాడు, కాటర్ పిన్, అంటే క్రాంక్‌ను మధ్య ఇరుసుకు బిగించి పట్టే పిన్. దాన్ని పట్టుకోవడం తేలికే. రెండు క్రాంకులూ నేలకు సమాంతరంగా పెట్టి బ్రేకు పట్టుకుని పెడళ్ళ మీద నిలబడండి, తర్వాత క్రాంకులు సగం చుట్టు తిప్పి మళ్ళీ నిలబడండి. క్రాంక్ కొద్దిగా జరిగి "టక్" అంటే పిన్ అరిగినట్టే, పెడల్ విప్పడం దండగ. (బూటు లేసు చివర క్రాంక్‌కు కొట్టుకుంటుంటే దాన్ని బేరింగ్ చప్పుడనుకుని కొత్త పెడళ్ళు కొన్నవాళ్ళూ ఉన్నారు. అన్నిటికంటే ముందు అది చూసుకోండి.)

అన్ని రకాల పెడళ్ళూ ఇంట్లో బాగవుతాయా?

కావు. హీరో, అట్లాస్, ఏవన్ లాంటి పాత నల్ల సైకిళ్ళకు వచ్చే రబ్బరు ముక్కల స్టీల్ పెడళ్ళు మొత్తం విప్పుకునేలా తయారైనవే, వాటికి మించిన సులువు లేదు. గేర్ల సైకిళ్ళకు వచ్చే అల్యూమినియం పెడళ్ళలో కూడా చాలావాటికి లోపల వదులు గోళీలు, కోన్, దాన్ని కదలకుండా పట్టే లాక్ నట్టే ఉంటాయి. కొంచెం ఖరీదైన వాటిలో సీల్డ్ బేరింగ్ (గోళీలను లోపలే మూసేసినది) ఉంటుంది, దాన్ని తెరిచి గ్రీజు పెట్టడం కంటే అదే నంబరు బేరింగ్ తెచ్చి మార్చడం మంచిది, నంబరు దాని పక్క మీదే ఉంటుంది. ఇక చవక ప్లాస్టిక్ పెడళ్ళలో కొన్నిటికి బేరింగే ఉండదు, ఇనప ఇరుసు ప్లాస్టిక్ గొట్టంలోనే తిరుగుతుంది. అది అరిగితే చేయగలిగింది లేదు, మార్చేయడమే. ప్లాస్టిక్ బాడీకి పగులు వచ్చినా అంతే. ఫెవిక్విక్ పెట్టి, తీగ చుట్టి తొక్కితే చౌరస్తాలో లేచి తొక్కే సమయానికే అది విరుగుతుంది.

ఏమేం సామాన్లు కావాలి?

15 నంబరు పానా ముఖ్యం. అది సన్నగా ఉండాలి, మామూలు మందపాటి పానా క్రాంక్‌కూ పెడల్‌కూ మధ్య సందులో దూరదు. కొన్ని పెడళ్ళకు పానా పట్టే చోటే ఉండదు, క్రాంక్ వెనక నుంచి 6 లేదా 8 మిల్లీమీటర్ల అలెన్ కీ పెట్టాలి. లోపలి లాక్ నట్టుకు గుంటలోకి దిగే బాక్స్ పానా కావాలి, దాని సైజు పెడల్‌ను బట్టి మారుతుంది కాబట్టి పెడల్ చేతిలో పట్టుకుని వెళ్ళి సరిపోయేది తెచ్చుకోండి. సన్న స్క్రూడ్రైవర్, గ్రీజు, పాత బనియన్ గుడ్డ, చిన్న అయస్కాంతం, అంచులున్న స్టీల్ పళ్ళెం. పళ్ళెం ఇంట్లో అడిగి తీసుకోండి, అది మళ్ళీ వంటింట్లోకి వెళ్ళదు.

శుభ్రం చేయడానికి ఒకప్పుడు రేషన్ గ్యాసునూనె (కిరోసిన్) ఉండేది. ఇప్పుడు దొరకడం కష్టం, అరలీటరు డీజిల్ చాలు. పెట్రోల్ మాత్రం వద్దు, పక్కనే ఎవరో ఒకరు బీడీ ముట్టిస్తారు.

పెడల్ ఎటు తిప్పితే ఊడుతుంది? ఎంత బలం పెట్టినా రావడం లేదు.

ఎక్కువమంది ఇక్కడే దెబ్బ తింటారు. కుడి పెడల్‌కు మామూలు మర, ఎడమ పెడల్‌కు తిరుగుడు మర, అంటే మామూలుకు ఎదురు దిక్కులో తిప్పితే బిగిసేది. ఎడమదాన్ని మామూలు నట్టు అనుకుని విప్పుతున్నామనుకుంటూ ఇంకా బిగించేస్తారు, పైపు పెట్టి మరీ.

గుర్తుకు గడియారం లెక్క అక్కర్లేదు. పానాను పెడల్ ఇరుసు మీద నిటారుగా, పిడి పైకి వచ్చేలా పెట్టండి. పిడిని వెనక చక్రం వైపు లాగితే ఊడుతుంది, ముందు చక్రం వైపు తోస్తే బిగుస్తుంది. రెండు పెడళ్ళకూ ఇదే. క్రాంక్ వెనక నుంచి అలెన్ కీ పెట్టినా ఇదే, ఎందుకంటే మీరు ఎటు నిలబడ్డా ఇరుసు తిరిగే దిక్కు మారదు.

సైకిల్‌ను తలకిందులు చేయకండి, దిక్కులన్నీ తారుమారై మళ్ళీ గందరగోళం. చక్రాల మీదే నిలబెట్టి, గేర్లున్న సైకిలైతే చైన్‌ను పెద్ద పళ్ళచక్రం మీదికి ఎక్కించండి. కుడి పెడల్ ఒక్కసారిగా వదులైతే చెయ్యి నేరుగా ఆ పళ్ళ మీదికి పోతుంది, చైన్ ఉంటే పళ్ళు కనీసం కప్పి ఉంటాయి. చేతికి గుడ్డ చుట్టుకోవడం సిగ్గుపడే పనేం కాదు.

అసలు ఎడమ పెడల్‌కు తిరుగుడు మర ఎందుకు పెట్టారు?

ఒక పెన్నును పిడికిట్లో వదులుగా పట్టుకుని, రెండో చేత్తో దాని చివరను గుండ్రంగా తిప్పి చూడండి. మీరు చివరను ఎటు తిప్పుతున్నారో పెన్ను తన చుట్టూ తాను దానికి ఎదురు దిక్కులో మెల్లగా తిరుగుతుంది. పెడల్ ఇరుసూ క్రాంక్ రంధ్రంలో ఇలాగే ఉంటుంది. మన కాలి బరువు ఇరుసు మీద ఎప్పుడూ కిందికే ఉంటుంది, క్రాంక్ చుట్టూ తిరుగుతుంటుంది, అంటే రంధ్రం లెక్కన ఆ బరువు దిక్కు చుట్లు తిరుగుతున్నట్టే. మరల మధ్య కంటికి కనిపించనంత సందున్నా ఇరుసు రోజూ ఇంత చొప్పున జరుగుతుంది. ఆ జరుగుడు బిగించే వైపు ఉండాలనే కుడికి ఒక మర, ఎడమకు దానికి ఎదురు మర పెట్టారు.

ఇందులో ఒక తిరకాసు ఉంది. బేరింగ్ రాపిడి లాగే దిక్కు దీనికి ఎదురు. మామూలుగా ఆ రాపిడి చాలా తక్కువ కాబట్టి లెక్కలోకి రాదు. కానీ గోళీలు తుప్పుపట్టి పెడల్ తిరగకుండా బిగుసుకుపోతే, మీరు తొక్కుతుంటే పెడల్ తనంతట తానే విప్పుకోవడం మొదలుపెడుతుంది. "బిగించినా బిగించినా ఊడుతోంది" అనేవాళ్ళలో కొందరి జబ్బు ఇదే. మర బాగానే ఉంటుంది, బేరింగ్ ఎండిపోయి ఉంటుంది.

పూర్తిగా జామ్ అయిపోయింది. సుత్తెతో కొట్టొచ్చా?

పానా మీద కొట్టొచ్చు, పెడల్ మీద వద్దు. ముందు ఇరుసు క్రాంక్‌లోకి వెళ్ళే చోట, రెండు వైపులా, తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున పానాకు జీఐ పైపు ముక్క తొడిగి, ఎవరినైనా ఎదుటి పెడల్ మీద కాలు పెట్టి నిలబడమని చెప్పి, పైపు చివర పట్టుకుని కుదుపు లేకుండా బరువు వేయండి. మూడొంతుల పెడళ్ళు ఇక్కడే లొంగుతాయి.

క్రాంక్ అల్యూమినియం అయితే, ఇరుసు స్టీలు కాబట్టి వానకు రెండూ కలిసి తెల్లటి పిండిలా పట్టి బిగుస్తాయి. మరుగుతున్న నీళ్ళు క్రాంక్ చివర మీద పోసి వెంటనే తిప్పండి. అల్యూమినియం వేడికి స్టీలు కంటే ఎక్కువ సాగుతుంది, ఆ కొంచెం సందు చాలు. గ్యాస్ స్టవ్ మంట, గ్యాస్ వెల్డింగ్ మంట వద్దు, అల్యూమినియం బలం పోతుంది.

విప్పి గోళీలు మార్చడం ఎలా? వరసగా చెప్పండి.

పెడల్ సైకిల్ మీద ఉండగానే మొదలుపెట్టండి. క్రాంక్‌ను వెనక చక్రం వైపు ఫ్రేమ్ గొట్టానికి తాడుతో కట్టేస్తే ఇరుసును పట్టుకునే పని క్రాంకే చేస్తుంది, ఇంట్లో వైస్ (వస్తువును బిగించి పట్టే సాధనం) లేని లోటు తెలియదు. పెడల్ బయటి చివర మూత ఉంటుంది. ప్లాస్టిక్‌దైతే స్క్రూడ్రైవర్‌తో అంచు లేపితే వస్తుంది, ఇనుపదైతే కొన్నిటికి మర ఉంటుంది, కొన్ని నొక్కి పెట్టినవి. మూత కింద లాక్ నట్టు. ఈ నట్టుకు చాలా పెడళ్ళలో రెండు వైపులా మామూలు మరే ఉంటుంది, తిరుగుడు మర గొడవంతా క్రాంక్ వైపే. దాన్ని వదులు చేసి మాత్రం ఆపండి, పూర్తిగా తీయకండి.

ఇప్పుడు పెడల్‌ను క్రాంక్ నుంచి విప్పి, పళ్ళెంలో గుడ్డ పరిచి, మూత వైపు పైకి ఉండేలా నిలబెట్టండి. లాక్ నట్టు తీస్తే కింద ఒక వాషర్ వస్తుంది. దాన్ని కాస్త పరీక్షగా చూడండి, లోపలి అంచున చిన్న నాలుక ఉంటుంది, అది ఇరుసు మీదున్న సన్న గాడిలో కూర్చుంటుంది. నట్టు బిగించేటప్పుడు కోన్ దాంతోపాటు తిరగకుండా ఆపేది ఆ నాలుకే. పాత పెడళ్ళలో అది విరిగిపోయి ఉంటుంది, విరిగితే మీరు ఎన్నిసార్లు సరిచేసినా వారానికి మళ్ళీ లూజవుతుంది, మెకానిక్‌ను తిట్టుకుంటారు. వాషర్ తర్వాత కోన్, దాన్ని స్క్రూడ్రైవర్ మొనతో తిప్పి తీయాలి. దాని కింద మొదటి వరస గోళీలు.

వాటిని అయస్కాంతంతో తీసి లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. తర్వాత ఇరుసును పైకి జారనివ్వకుండా వేలితో పట్టి పెడల్ తిరగేసి, క్రాంక్ వైపు గోళీలు కూడా తీసి విడిగా పెట్టండి. రెండు వైపులా లెక్క ఒకటే ఉండాలని లేదు. తర్వాత అన్నీ డీజిల్‌లో కడిగి బాగా తుడవండి.

తుడిచాక వెలుతురులో చూడాల్సింది మూడు చోట్ల. గోళీ అద్దంలా మెరవాలి, బూడిద రంగుకు తిరిగితే పని అయిపోయింది. కోన్ మీద గోళీలు తిరిగిన గీత మెరుస్తూ సన్నగా ఉంటే పరవాలేదు, ఆ గీతలో సూది మొన గుచ్చినట్టు గుంటలు కనిపిస్తే కోన్ మార్చాలి. అలాగే బాడీలో గోళీలు కూర్చునే కప్పు. కప్పులో గుంటలు పడితే కొత్త గోళీలు వేసినా వాటినీ తినేస్తుంది, అలాంటి పెడల్‌కు సెలవివ్వండి. గోళీలు మార్చేటప్పుడు ఆ వరసంతా మార్చాలి, పాతవాటి మధ్య రెండు కొత్తవి పెడితే బరువంతా ఆ రెండిటి మీదే పడుతుంది.

బిగింపు తిరిగి అదే వరస. కప్పుల్లో గ్రీజు దండిగా పూసి, గోళీలను ఒక్కొక్కటే దానిలో అంటించండి. ఇంకో గోళీ పట్టనంత సందు మిగలాలి, ఇరికించి పెట్టకూడదు. ఇరుసు మెల్లగా దించి, పై వరస గోళీలు పెట్టి, కోన్ వేళ్ళతో తిప్పండి.

కోన్ ఎంత బిగించాలి?

నేర్చుకోవాల్సిన పని మొత్తం మీద ఇదొక్కటే, మిగతాదంతా ఓపిక. కోన్‌ను గోళీలకు తగిలేదాకా బిగించి, పావు చుట్టు వెనక్కి తిప్పి, వాషర్ వేసి, లాక్ నట్టు బిగించండి. నట్టు బిగించగానే కోన్ ఇంకొంచెం లోపలికి నొక్కుకుంటుంది, అందుకే మొదట కాస్త వదులుగా పెట్టాలి. రెండు మూడుసార్లు విప్పి సరిచేయాల్సి వస్తుంది, చేయి తిరిగిన మెకానిక్‌లకూ అంతే.

సరిగ్గా వచ్చిందని ఎలా తెలుస్తుందంటే, ఊపితే కదలిక ఉండకూడదు, వేళ్ళతో తిప్పితే ఎక్కడా పట్టినట్టు అనిపించకూడదు. కొత్త గ్రీజు చిక్కగా ఉంటుంది కాబట్టి పెడల్ బొంగరంలా తిరగదు, ఒకటి రెండు చుట్లకే ఆగుతుంది. తిరగడం లేదని వదులు చేయకండి. షాపులో "చూడన్నా ఎట్ల తిరుగుతుందో" అని చూపించే పెడల్ చాలాసార్లు గ్రీజు లేనిదే.

గోళీలు ఏ సైజు అడగాలి?

పెడళ్ళలో ఎక్కువగా కనిపించేది 5/32 అంగుళం, అంటే దాదాపు 4 మిల్లీమీటర్లు. కొన్నిటిలో 1/8 అంగుళం కూడా వస్తుంది, 3.2 మిల్లీమీటర్ల లోపు. రెండూ కళ్ళకు ఒకేలా కనిపిస్తాయి, కాబట్టి పాత గోళీ ఒకటి చీటీలో చుట్టి తీసుకెళ్ళి పెడల్ బాల్స్ అని అడగండి. నాలుగైదు ఎక్కువే తెచ్చుకోండి, ఒకటి మంచం కిందికి పోవడం ఖాయం. చక్రాల గోళీలు ఇంకా పెద్దవి, అవి ఇందులో పట్టవు.

ఏ గ్రీజు వాడాలి? కొబ్బరినూనె పోస్తే సరిపోదా?

వాహనాల చక్రాల బేరింగులకు వాడే లిథియం గ్రీజు, చిన్న డబ్బా చాలు, ఏళ్ళ తరబడి వస్తుంది. కొబ్బరినూనె చలికాలం పొద్దున గడ్డకడుతుంది, ఎండాకాలం కారిపోతుంది. రామగుండం, మంచిర్యాల వైపు మే నెల ఎండల్లో పల్చటి నూనె ఏదైనా బేరింగ్‌లో నిలవదు. బండ్లలోంచి తీసిన కాలిన ఆయిల్‌లో లోహపు పొడి ఉంటుంది, అది గోళీలకు ఆకురాయి పెట్టినట్టే.

డబ్ల్యూడీ-40 విషయానికొస్తే, తుప్పు వదిలించడానికి మంచిది. చప్పుడొస్తోందని పెడల్‌లోకి కొడితే మిగిలిన గ్రీజును కరిగించి బయటికి తోసేస్తుంది, రెండు రోజులు హాయిగా ఉండి మూడో రోజు నుంచి ఇంకా ఎక్కువ అరుస్తుంది.

పెడల్ మళ్ళీ బిగించేటప్పుడు ఏం చూసుకోవాలి?

ఎల్, ఆర్ అక్షరాలు ఇరుసు చివర కానీ పానా పట్టే చోట కానీ ఉంటాయి. ఎల్ ఎడమకు, ఆర్ కుడికి. అక్షరం చెరిగిపోతే మరలను చూడండి, ఇరుసు నిటారుగా పట్టుకుంటే కుడిదానికి గీతలు కుడివైపు పైకి ఎక్కుతాయి, ఎడమదానికి ఎడమవైపు పైకి.

మరలు గుడ్డతో తుడిచి, కొంచెం గ్రీజు పూసి, మొదటి మూడు నాలుగు చుట్లు వేళ్ళతోనే ఎక్కించండి. వేళ్ళతో ఎక్కకపోతే ఏదో తేడా ఉంది, ఆపేయండి. అడ్డంగా ఎక్కిన పెడల్‌ను పానాతో బలవంతంగా దించితే క్రాంక్ మరలు తెగుతాయి, అల్యూమినియం క్రాంక్ అయితే ఒక్కసారికే. బిగువు 35 నుంచి 40 న్యూటన్ మీటర్లు ఉండాలి. టార్క్ పానా ఇంట్లో ఎవరికీ ఉండదు కాబట్టి ఇంకోలా చెప్తాను, 20 సెంటీమీటర్ల పానా చివర 18 నుంచి 20 కిలోల బరువు వేలాడదీసినంత. చేత్తో గట్టిగా నొక్కితే వస్తుంది, పైపు అక్కర్లేదు. రెండు రోజులు తొక్కాక ఇంకోసారి బిగువు చూడండి.

క్రాంక్ మరలే పోయాయి. ఇప్పుడేంటి?

లూజు పెడల్‌తోనే "రేపు బిగిద్దాం" అని పది రోజులు తొక్కితే జరిగేది ఇదే. మరలు కొద్దిగా నలిగి ఉంటే, లేత్ వర్క్ చేసేవాళ్ళ దగ్గర 9/16 అంగుళం, అంగుళానికి 20 చుట్ల ట్యాప్ (రంధ్రంలో మర కోసే పనిముట్టు) వేయించొచ్చు, ఎడమ వైపుకు ఎడమ ట్యాప్ కావాలి, అది అందరి దగ్గరా ఉండదు, క్రాంక్ విప్పకముందే అడిగి వెళ్ళండి. పూర్తిగా తుడిచిపెట్టుకుపోతే రంధ్రం పెద్దది చేసి లోపల స్టీల్ గొట్టం మర వేసే పద్ధతి ఉంది. పాత నల్ల సైకిల్ స్టీల్ క్రాంక్ అయితే అదంతా ఎందుకు, ఆ ఒక్క క్రాంక్ కొత్తది వేయించుకోవడమే నయం. పెడల్‌ను క్రాంక్‌కు వెల్డింగ్ చేయించే వీరులూ ఉన్నారు, ఆ తర్వాత ఆ పెడల్ ఎప్పటికీ విప్పలేరు, గ్రీజు పెట్టాలన్నా అలాగే పెట్టాలి.

కాటర్ పిన్ నేనే మార్చుకోవచ్చా?

మార్చుకోవచ్చు, కానీ ఇద్దరుండాలి. విప్పే ముందు ఫోన్‌లో ఫోటో తీసుకోండి. కుడి క్రాంక్ ముందుకు తెచ్చినప్పుడు నట్టు ఏ వైపు ఉందో, ఎడమ క్రాంక్ ముందుకు తెచ్చినప్పుడు కూడా అదే వైపు ఉండాలి. తేడా వస్తే రెండు క్రాంకులూ ఒకే గీతలో నిలవవు, తొక్కుతుంటే కుంటినట్టుంటుంది.

నట్టును పిన్ చివరిదాకా వదులు చేసి, క్రాంక్ కింద గట్టి కర్రదుంగ ఆనించి, నట్టు మీద ఒకటే గట్టి దెబ్బ వేయండి. పది చిన్న దెబ్బలు వేస్తే పిన్ వంగుతుంది తప్ప రాదు. దుంగ లేకుండా కొడితే ఆ దెబ్బంతా మధ్య ఇరుసు గోళీల మీద పడుతుంది. కొత్త పిన్‌ను సుత్తెతో దించాలి, నట్టుతో లాగకూడదు, నట్టు పని అది కదలకుండా పట్టి ఉంచడం వరకే.

రబ్బర్లు అరిగి ఇనుము తేలింది. ట్యూబు ముక్క చుడితే చాలా?

ఊళ్ళలో చేసేది అదే, ఎండాకాలం పనిచేస్తుంది. వానలో మాత్రం ట్యూబు రబ్బరు నున్నగా జారుతుంది, కాలు జారితే మోకాలి కింద ఎముకకు పెడల్ అంచు తగులుతుంది, ఆ నొప్పి తెలిసినవాళ్ళకు తెలుసు. చెప్పులతో, ఉత్త కాళ్ళతో తొక్కేవాళ్ళు, కల్లు కుండలు, పాల క్యాన్లు కట్టుకుని పోయేవాళ్ళు కొత్త రబ్బర్లే వేసుకోవాలి. రబ్బర్లను పట్టుకునే సన్న కడ్డీల చివర నట్లుంటాయి, తుప్పుపట్టి ఉంటాయి, ముందురోజే నూనె వేసి ఉంచండి. కడ్డీ తెగినా బాధపడక్కర్లేదు, రబ్బర్లతో పాటు కడ్డీలూ అడగండి. పక్కనున్న నారింజ రంగు రిఫ్లెక్టర్లు పీకేయకండి, చీకట్లో ములుగు రోడ్డు మీద లారీవాడికి ముందు కనిపించేది పైకీ కిందికీ కదిలే ఆ రెండు ముక్కలే.

పిల్లల సైకిల్‌కు కొత్త పెడల్ కొన్నాం, ఎక్కడం లేదు.

చిన్న సైకిళ్ళలో కొన్నిటికి రెండు క్రాంకులూ కలిపి ఒకే కడ్డీగా వంచి ఉంటాయి. వాటికి మర 1/2 అంగుళం, 12.7 మిల్లీమీటర్లు. మిగతావాటికి 9/16, అంటే 14.3 మిల్లీమీటర్లు. స్కేలు పెట్టి చూసినా తేడా కనిపిస్తుంది. పాత పెడల్ తీసుకెళ్ళి పక్కన పెట్టి పోల్చండి, అంతే.

వానాకాలం, వరద నీళ్ళ తర్వాత ఏం చేయాలి?

2023 జులై చివరి వానలకు వరంగల్, హన్మకొండల్లో ఎన్ని కాలనీలు మునిగాయో అందరికీ గుర్తే. అలా నీళ్ళలో నిలబడ్డ సైకిల్ పైకి ఎండిపోయి మామూలుగానే కనిపిస్తుంది, రెండు వారాలకు పెడల్ పట్టేస్తుంది. లోపలికి పోయిన బురద నీళ్ళు మూత ఉన్నందుకే ఆరవు. మునిగిన సైకిల్‌కు ఆ వారంలోనే పెడళ్ళు, చక్రాల ఇరుసులు, మధ్య ఇరుసు విప్పి కడిగి కొత్త గ్రీజు పెట్టాలి, ఆలస్యమైతే గోళీలు తుప్పు ముద్దగా బయటికి వస్తాయి.

దసరా కూడా చిన్న సైజు వరదే. ఆయుధ పూజకు సైకిల్‌ను మోటారు పైపు పెట్టి కడుగుతారు, ఆ ధార నేరుగా పెడల్ సందులోకి కొడతారు, పైన పసుపు కుంకుమ. తడిగుడ్డతో తుడిస్తే దేవుడేమీ అనుకోడు.

ఎడమ పెడలే ముందు ఎందుకు పోతుంది?

మనం ఎక్కే పద్ధతి వల్లే అని నేననుకుంటాను. ఎడమ కాలు పెడల్ మీద పెట్టి, రెండో కాలితో నాలుగు తన్నులు తన్ని, ఒళ్ళంతా ఆ ఒక్క పెడల్ మీద మోపి పైకి లేస్తాం. వెనక బియ్యం బస్తా ఉంటే చెప్పక్కర్లేదు. కైంచీ తొక్కే పిల్లలు ఒక పెడల్ మీద నిలబడే ఉంటారు. పైగా సైడు స్టాండు ఎడమవైపే ఉంటుంది, సైకిల్ పడితే ఎక్కువగా అటే పడుతుంది. బాగుచేసేటప్పుడు రెండూ విప్పాల్సిన పని లేదు, కానీ విప్పేది ఒకటే అయితే ఎడమదాన్ని విప్పండి.

ఎన్నాళ్ళకోసారి గ్రీజు పెట్టాలి?

రోజూ తొక్కే సైకిల్‌కు ఏడాదికి ఒకసారి, మృగశిర కార్తెకు ముందు. వానల్లో బాగా నానితే దీపావళి తర్వాత ఇంకోసారి. ఎనుమాముల మార్కెట్ దుమ్ములో, గోదావరిఖని బొగ్గు పొడిలో తిరిగే సైకిళ్ళకు ఆ రెండోసారి తప్పనిసరి. నిట్ క్యాంపస్‌లో హాస్టల్ నుంచి క్లాసుకు, క్లాసు నుంచి హాస్టల్‌కు తిరిగే సైకిల్‌కు రెండేళ్ళకోసారి చాలు, అది సెలవుల్లో వానలో నిలబడి ఉండకపోతే.

తొక్కుతుంటే పాదం అటూ ఇటూ ఊగుతోంది, మోకాలు నొప్పి వస్తోంది. పెడల్ వల్లేనా?

అయి ఉండొచ్చు. సైకిల్ పక్కకు పడ్డప్పుడు ఇరుసు కొద్దిగా వంగుతుంది, కంటికి తెలియదు. పెడల్ విప్పి చేత్తో ఇరుసును మెల్లగా తిప్పుతూ దాని చివర చూడండి, చివర వంకరగా గుండ్రం తిరిగితే వంగినట్టే. దాన్ని సుత్తెతో తిన్నగా చేయకండి, ఒకసారి వంగి మళ్ళీ తిన్నగా అయిన ఇనుము ఎప్పుడు తెగుతుందో చెప్పలేం. ఇరుసు తిన్నగానే ఉంటే క్రాంక్ వంగిందేమో చూడండి. రెండూ బాగుంటే, సీటు ఎత్తు సరిచేసుకుని, అప్పటికీ తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

ఒక్క పెడల్ కొనొచ్చా, జతే కొనాలా?

షాపుల్లో ఎక్కువగా జతగానే ఇస్తారు. పాత మోడల్ స్టీల్ పెడల్ విడిగా ఇస్తే ఒకటే తీసుకోండి, రెండోది బాగుంటే మార్చడమెందుకు. కానీ రెండు పెడళ్ళ ఎత్తు, వెడల్పు ఒకటే ఉండాలి, లేకపోతే ఒక కాలు ఎక్కువ చాచాల్సి వస్తుంది. కొనేముందు షాపులోనే మూడు పనులు చేయండి: ఊపి చూడండి, మరలు వేలితో తడిమి చూడండి, మూత తీయించి లోపల గ్రీజు ఉందో లేదో చూడండి. కొత్త స్టీల్ పెడళ్ళు చాలావరకు పేరుకు మాత్రమే గ్రీజుతో వస్తాయి, ఇంటికి తెచ్చాక బిగించే ముందే ఒకసారి విప్పి నింపితే మేలు. పాతదాన్ని పారేయకండి, దాని కోన్, నాలుక వాషర్, లాక్ నట్టు, మూత ఒక డబ్బాలో వేసి ఉంచండి, ఈ నాలుగూ విడిగా కొనాలంటే వరంగల్ చౌరస్తా అంతా తిరగాలి.